ముందు పక్క లంక

ఏలూరు వచ్చి పదిరోజులైనా కోదండరామయ్య భార్య గిన్నెల మూటలు విప్పలేదు.

"ఒక్క గట్టుకైనా గండి పడనీయండి, అప్పుడు విప్పుతాను," అంది.

ఆమె లెక్క ఆమెది. కొల్లేరు లోపల అడ్డగోలుగా తవ్విన చేపల చెరువుల గట్లు తెంచుతామని వచ్చిన ఆఫీసర్లు, పోపులపెట్టె సర్దుకునేలోపే బదిలీ అయిపోతారని పక్కింటివాళ్లు ముందే చెప్పారు.

కోదండరామయ్యది అనంతపురం. నీళ్లంటే ట్యాంకరులో వచ్చేవని నమ్మి పెరిగిన మనిషి. ఇంత సరస్సునూ ముక్కలు చేసి చేపలకు రాసిచ్చేస్తారా అని ఆయన కడుపు మండింది. అలాగని పోలీసుల్ని పెట్టి కొట్టించడమూ ఇష్టం లేదు. ఏదో ఒక లంకలో జనమే ఒప్పుకుని ఒక్క గట్టు తెంపితే చాలు, మిగతావి వాటంతటవే దారికొస్తాయని ఆశ.

అది 2005 వేసవి. రేవులో సర్కారు బోటు మొరాయించింది. గట్టు మీద గళ్ల లుంగీతో, చెవిమీద బీడీతో కూర్చున్న ఒకాయన లేచాడు.

"రండి సార్, నేను తిప్పుకొస్తాను. పడవుందండి."

"పేరేమప్పా?"

"సత్తిబాబంటారండి."

"కాస్త తొందరగా తొయ్యప్పా. లంకలన్నీ చూడాల."

మొదటి లంకలో పడవ ఆగీ ఆగకముందే అరుగుల మీది జనమంతా లేచి నిలబడ్డారు. భుజాల మీది తువ్వాళ్లు చేతుల్లోకొచ్చాయి. పదిరోజుల ఆఫీసరుకే ఇంత గౌరవమా అని కోదండరామయ్య మురిసిపోయాడు.

పంచాయతీ మెంబరు అచ్చమ్మ కొబ్బరిబోండాలు తెచ్చింది. మొదటిది సత్తిబాబు చేతిలో పెట్టింది. "తీసుకోండి, ఎండనపడి వచ్చారు." రెండోది ఆఫీసరుకు.

గోదావరి మర్యాదంటే ఇదీ, అనుకున్నాడాయన. ఇక్కడ గేదెను తోలేటప్పుడు కూడా "పదండి" అంటారని ఎవరో చెబితే అప్పట్లో నమ్మలేదు.

"గట్లు తెంచాలమ్మా," అన్నాడు.

అచ్చమ్మ పడవ వైపు ఓసారి చూసింది. "తెంచెయ్యండి సార్! కొల్లేరు బాగుంటేనే కదండీ మేం బాగుండేది. కాకపోతే ముందు పక్క లంక వాళ్లవి తెంచండి. వాళ్ల గట్ల మూలానే వానొస్తే నీళ్లు మా ఇళ్లలోకొస్తున్నాయి. ఆ మర్నాడే మా గట్టు మేమే పలుగులతో తవ్వేసుకుంటాం."

న్యాయంగానే అనిపించింది. అచ్చమ్మ ఆయన చేతిలోని టిఫిన్ కేరేజీ వైపు చూసింది.

"ఆ కేరేజీ ఇక్కడ పెట్టేసి వెళ్లండి. భోజనానికి ఇక్కడికే వస్తారుగా."

"ఇక్కడికే ఎందుకొస్తానమ్మా?"

"కొల్లేరు గుండ్రంగా ఉంటుంది కదండీ," అంది అచ్చమ్మ.

రెండో లంకలో విశ్వాసం అనే చర్చి పెద్ద ఎదురొచ్చాడు. గట్లు తెంచడానికి ఆయనకీ ఏ అభ్యంతరమూ లేదు. ముందు పక్క లంక వాళ్లవి తెంచాలి, అంతే.

"అసలీ చెరువులన్నీ లీజుకు పట్టిందెవరు?"

"పెద్దాయనండి. దేవుడిలాంటి మనిషి. మా చర్చికి రేకులేయించారు. మా అమ్మాయికి కాలేజీలో సీటిప్పించారు. ముసురు పట్టి పనుల్లేకపోతే బియ్యం పంపిస్తారు."

"చెరువులు పోతే మీ చేపలు మీరే పట్టుకోవచ్చు కదయ్యా!"

"పట్టుకోవచ్చండి. రేకులు కారితే ఎవరికి చెప్పుకోమంటారు?"

కోదండరామయ్య మాట మార్చాడు. "ఎక్కడుంటాడు మీ పెద్దాయన?"

విశ్వాసం గొంతు సవరించుకున్నాడు. "ఎక్కువగా నీళ్లమీదేనండి."

ఏసీ లాంచీలో కాలు మీద కాలేసుకున్న ఒక బొజ్జాయన కోదండరామయ్య కళ్లముందు మెదిలాడు. "చూసినావా అప్పా?" అన్నాడు సత్తిబాబుతో. "మీరంతా ఎండలో మాడుతుంటే, ఆయప్ప ఎక్కడో చల్లగా కూర్చోనుంటాడు."

"అవునండి," అన్నాడు సత్తిబాబు, చెమట తుడుచుకుంటూ.

మూడో లంక వాళ్లు నాలుగో లంకను చూపించారు. నాలుగో లంక వాళ్లు చాలా మర్యాదగా, అచ్చమ్మ లంకను చూపించారు. వెళ్లేసరికి ఆవిడ విస్తళ్లు వేసి సిద్ధంగా ఉంది. కొర్రమీను పులుసు. కోదండరామయ్య కోపంగానే మూడుసార్లు వడ్డించుకున్నాడు.

తిరుగు దారిలో ఆయనిక ఆగలేకపోయాడు.

"మంచిమాటతో కాదప్పా. రేపు పొద్దున్నే విశ్వాసం లంకకు పొక్లెయిన్ తోలతా. ఎవ్వరికీ చెప్పొద్దు. నిన్ను నమ్మి చెబుతుండా."

సత్తిబాబు గెడ వెయ్యడం ఆపాడు. కళ్లు చెమర్చాయి. "మా ఇంట్లోవాళ్లు కూడా నన్నింత నమ్మరండి," అన్నాడు.

పొద్దున్నే పొక్లెయిన్ రాలేదు. బదిలీ ఆర్డరు వచ్చింది.

భార్య ఏమాత్రం బాధపడలేదు. మూటలు లెక్క చూసుకుని, "కేరేజీ ఏదండీ?" అంది.

అచ్చమ్మ ఇంట్లో మర్చిపోయాడు.

"ఉద్యోగం ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది. అది మా అమ్మిచ్చిన కేరేజీ," అందావిడ.

మళ్లీ బయల్దేరాడు. ఆ రోజు సర్కారు బోటు బ్రహ్మాండంగా నడిచింది.

అచ్చమ్మ కేరేజీ తళతళా తోమి, నిండా బొమ్మిడాయిల పులుసు పెట్టి ఇచ్చింది. "అప్పుడే వెళ్లిపోతున్నారా సార్!" అంది. ఆవిడ గొంతులో నిజంగానే దిగులుంది.

"ఒక్క కోరిక మిగిలిపోయిందమ్మా. ఆ పెద్దాయన్ని ఒక్కసారి కళ్లారా చూసి పోదామనుంది."

అచ్చమ్మ ముక్కుమీద వేలేసుకుంది.

"అదేంటండీ, నిన్నంతా పడవలో ఆయన్నే 'అప్పా, అప్పా' అని నోరారా పిలుస్తుంటే, సొంత చుట్టాలేమో, మన చెరువుల జోలికి రారులే అని మేమంతా నిబ్బరంగా ఉన్నామండీ!"