గాలిమర ఆగిన రాత్రి

దక్షిణాఫ్రికాలోని కరూ బీడుల్లో గాలి అల్లుడి వంటిది, వస్తే ఓ పట్టాన కదలదు. అల్లుళ్ల సంగతి ఇప్పుడెందుకులెండి, నాకు ముగ్గురు.

తోకచుక్కను ఫొటో తీయాలని గొర్రెలు పెంచే ఫ్లోరిస్ కెమెరా స్టాండుకు రాళ్ల సంచి వేలాడదీశాడు. గాలికి అడ్డంగా దుప్పటి కట్టాడు. అయినా ఫొటోలో చుక్కలన్నీ గీతలుగానే పడుతున్నాయి. పక్కనే గాలిమర తిరుగుతూ నేలను వణికిస్తోంది మరి. బోరులో నీళ్లు తోడేది అదే. నాలుగు వందల గొర్రెలకు అదే దిక్కు.

"కాసేపు దాన్ని ఆపవే, హెస్టర్!" అని రోజూ భార్యను బతిమాలేవాడు.

"నీ చుక్కలు గొర్రెల దాహం తీరుస్తాయా?" అనేది ఆవిడ.

ఆ రాత్రి ఆవిడే వెళ్లి గాలిమరకు బ్రేకు వేసి వచ్చింది. తోకచుక్క సూదిమొనలా పడింది. ఫ్లోరిస్ గంతేశాడు.

"ఇన్నాళ్లకు కరుణించావే!"

"తిరిగినా ఒకటే, ఆగినా ఒకటే. మధ్యాహ్నం నుంచి బోరులో నీళ్లు రావడం లేదు," అంది హెస్టర్. "తీసుకో, ఇంకోటి తీసుకో."