చిలక నేర్పిన పాట

పొరుగడవి చిలక రోజూ జామపండు ముక్కలు పెట్టి, పిచ్చుక పిల్లల చేత చిలకల భాషలో పాట పాడించేది. వినడానికొచ్చిన తోటి చిలకలంతా పడీపడీ నవ్వేవారు. పిల్లల పాట మెచ్చుకుంటున్నారనుకుని తల్లి పిచ్చుక మురిసిపోయేది.

ఆ భాష తెలిసిన గోరింక ఒకరోజు ఆగి వింది.

"ఓసి పిచ్చిదానా, 'మేం బుర్రలేని తిండిపోతులం' అని పాడుతున్నారే నీ పిల్లలు!"

అర్థం తెలిస్తే, ఇన్నాళ్లూ పాడిన మాటే నిజమని పిల్లలు నమ్మేస్తారేమోనని తల్లి భయపడింది. అయినా వాళ్లకు సంగతి చెప్పింది.

మర్నాడు చిలక, "పాడండర్రా" అంది.

"మర్చిపోయాం మామా. మీ వాళ్లంతా వినేలా నువ్వొకసారి పాడు, నేర్చుకుంటాం" అంది చిన్నపిల్ల.

చిలక తన వాళ్ల వంక చూసింది. జామముక్క వదిలేసి ఎగిరిపోయింది.

పిల్లలు దాన్ని పంచుకు తింటుంటే తల్లి ఊపిరి పీల్చుకుంది: "హమ్మయ్య, ఆ పాట నోటి దగ్గరే ఆగింది, మనసులోకి దిగలేదు."