తడి వెంట నడిచే రాయి

మూసీ ఒడ్డున హద్దురాళ్లు తమంతట తామే జరగడం మొదలై మూడేళ్లయింది. నేల ఎంతవరకు తడిస్తే అంతవరకు పాకుతాయి. అవి దాటొచ్చిన నేలంతా నది లెక్కలోకి పోతుంది; దాని మీది కట్టడాలు కూల్చి నది సుందరీకరణ కంపెనీకి అప్పజెప్తారు. ఈ ఎండాకాలం నది ఎండిపోయినా, ఒక రాయి మాత్రం బట్టలుతికే బాలామణి దండెం కిందికొచ్చి నిలబడింది.

"వానలే లేవు, ఇదెట్లొచ్చింది?" అంది భర్తతో.

"దుప్పట్ల నీళ్లు కారుతున్నయి గదనే," అన్నాడు అంజిలయ్య.

ఆ దుప్పట్లు కంపెనీ గెస్ట్‌హౌస్‌వి. నెల నుంచి రోజూ వంద వస్తున్నాయి. బాలామణి కొత్త మూట విప్పి, ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుంది. చెమట వాసన లేదు. నిన్న తను పెట్టిన మడత కూడా చెదరలేదు.

"ఎవ్వలు పండుకోని దుప్పట్లు మనతోని ఎందుకు ఉతికిస్తున్నరయ్యా?"

అంజిలయ్య దండెం కింద తడిసిన నేలను చూపించాడు. రాయి వాళ్ల గుడిసె వైపు జానెడు జరిగింది.

బాలామణి వందా తడిపింది, ఒక్కటీ పిండలేదు. తోపుడుబండికెత్తి తీసుకెళ్లి కంపెనీ టవర్ వాకిట్లో వరసగా ఆరేసింది.

"ఈడ ఆరెయ్యొద్దమ్మా," అంటూ కాపలావాడు వచ్చాడు.

"మీ దుప్పట్లే గద బిడ్డా," అందామె.

ఆమె వెనక, బండి కార్చిన తడి చార వెంట, రాయి మెల్లగా రోడ్డు దాటి వస్తోంది.