ఏటి అవతలి మెరుపు

"ఇవాళ సాయంత్రంతో ఎమర్జెన్సీ అయిపోతోందక్కా. రేపు పొద్దున్నే మేడ ఖాళీ చేస్తాను," అన్నాడు కాపలా జవాను, టీ గ్లాసు కిందపెడుతూ.

టైలరమ్మ కుట్టుమిషను ఆగిపోయింది. "మళ్ళీ పొడిగిస్తారులే తమ్ముడూ."

"దేనికి? ఏటి అవతల చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు."

ఏటికి అవతల పరాయి దేశం. దాని మీద కన్నేసి ఉంచడానికే టైలరమ్మ మేడ మీద ఆ కాపలా. అసలు అక్కడ చప్పుడెప్పుడుందని? గడువు దగ్గరపడ్డప్పుడల్లా కంట్రోల్ రూముకి ఫోన్ చేసి, "అవతలి గట్టు మీద ఎవరో అద్దంతో సైగలు చేస్తున్నారండీ" అని చెప్పేది ఈవిడే. పెద్దలకు ఆపాటి నిప్పురవ్వ చాలు, ఇంకో ఆర్నెల్లు పొడిగించేవాళ్ళు. ఆఫీసర్లు వచ్చి అడిగితే జవాను కూడా మెరిసిందనే తలూపేవాడు. డ్యూటీలో కునుకు తీశానని ఎవడొప్పుకుంటాడు పాపం.

ఆవిడకు ఏ దేశం మీదా పగ లేదు. ఈ మనిషి వచ్చేదాకా ఆ ఇంట్లో ఆవిడతో మాట్లాడింది మిషనొక్కటే. రోజూ ఒక్క గ్లాసు టీ మాత్రమే కాచుకోవడం ఎంత నరకమో కాచుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

"ఇంటికెళ్ళాలని ఉందా?" అని అడిగింది.

"ఉండదా అక్కా? మా పాప ఎదురుచూస్తుంటుంది."

ఈ మాట ఇన్నాళ్ళూ చెప్పలేదు. టైలరమ్మ గుండె కలుక్కుమంది.

"ఎంత పొడుగుంటుందేమిటి?"

జవాను మోకాలి దగ్గర చెయ్యి పెట్టాడు. కాస్త ఆలోచించి నడుము దాకా లేపాడు. చూసి ఎన్నేళ్ళయిందో అనుకుంది టైలరమ్మ.

మధ్యాహ్నం కూర్చుని మిగులు గుడ్డతో గౌను కుట్టింది. మధ్యమధ్య ఫోను వైపు చూసిందే కానీ ముట్టుకోలేదు. నాకు తోడు కావాలని పసిదాన్ని తండ్రికి దూరం చేస్తానా అని తనను తానే తిట్టుకుంది. గౌను పైకి పట్టుకెళ్ళి ఇస్తే, జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

సాయంత్రం రేడియోలో వార్తలొచ్చాయి. "ఏటి అవతల మళ్ళీ అనుమానాస్పదమైన మెరుపులు కనిపించినందున, అత్యవసర పరిస్థితిని మరో ఆరు నెలలు పొడిగించడమైనది."

టైలరమ్మ గబగబా మెట్లెక్కింది.

"తమ్ముడూ, ఒట్టు, ఈసారి ఫోన్ చేసింది నేను కాదు."

"తెలుసక్కా. చేస్తావేమోనని పొద్దువాలేదాకా చూశాను." జవాను వాకీటాకీ పక్కన పెట్టాడు. "ఇక లాభం లేదనుకుని, మెరిసిందని నేనే చెప్పాను."

"అదేమిటి? మరి పాప?"

అతను తలొంచుకుని, మడత నలగని గౌను తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇది పిల్లలున్నవాళ్ళకి ఎవరికైనా ఇవ్వక్కా."