పులుసుకు తగిన లైటు

పైడయ్య స్టీలు గిన్నె తెచ్చి కౌంటరు మీద పెట్టి మూత తీశాడు. ఎండునెత్తళ్ళు వేసిన వంకాయ పులుసు.

"దీనికో లైటు కావాల" అన్నాడు.

బచేలీ బజారులో సోమారుది కరెంటు సామాన్ల కొట్టు. కాలిపోయిన బల్బు చేత్తో పట్టుకొచ్చినవాళ్ళున్నారు గానీ, కూర పట్టుకొచ్చినవాడు ఇతనొక్కడే.

"కూరకి లైటేంది, భయ్యా?"

"ఫోటోకి. డ్యూటీ దిగి వొండేసరికి సీకటి పడిపోతాది. వంటగదికి కిటికీ లేదు. ఫోటో సూసి మా ఇంటిది ఇటొచ్చే కిరండూల్ బండెక్కాల."

సోమారు నవ్వలేదు. పైడయ్య పెళ్ళాం చిన్నమ్మి అలిగి బొబ్బిలిలో పుట్టింటికి వెళ్ళిపోయిన సంగతి రైల్వే క్వార్టర్స్ అంతా ఎరిగినదే. ఏళ్ళ తరబడి ఆమె ఏం వండినా పైడయ్య వంక పెట్టాడు. ఉప్పు చాలదు, పులుపెక్కువ, ఇంతకన్నా నేను నయం. ఒకరోజు ఆమె గరిటె విసిరి కొట్టింది.

"అంత బాగా వొచ్చినోడివి, నువ్వే వొండుకు తిను. రోజూ ఫోటో పెట్టు, సూత్తాను."

సంచి సర్దుకుని పోయింది.

అప్పట్నుంచి పైడయ్య రోజూ పెడుతూనే ఉన్నాడు. మొదటి ఫోటోకి 'బాగుంది' అని ఒక్క ముక్క వచ్చింది. తను ఆమెకి ఏనాడూ అనని ఆ ముక్క చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. తరవాత అదీ లేదు. నీలం టిక్కులు పడతాయి, అంతే. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకో అలికిడి లేదు. వంక పెట్టడానిక్కూడా మనిషి లేదు.

సోమారు పసుపు బల్బు వెలిగించి గిన్నెకి పక్కగా పట్టాడు. పులుసు మీద తేలిన నూనె బంగారంలా మెరిసింది. ఆగలేక వేలు ముంచి నాకాడు.

"బఢియా వండినవ్ భయ్యా. ఇదే తీస్కో."

పైడయ్య ఫోన్లోంచి చూసి తల అడ్డంగా ఊపాడు.

తెల్ల బల్బుకి పల్చటి గుడ్డ అడ్డం పెట్టి చూపించాడు సోమారు. వంకాయ ముక్కలు నిగనిగలాడాయి. అదీ కాదన్నాడు పైడయ్య. పిల్లలు వీడియోలకి వాడే గుండ్రటి లైటు పెట్టాడు. దానికైతే మొహమే చిట్లించాడు.

సోమారుకి విసుగొచ్చింది. "వంకలు పెట్టే రోగం పోలేదు నీకు. భాభీ ఊరికే పోయిందా?"

మాట సూటిగా తగిలింది. పైడయ్య గిన్నె మూత పెట్టబోతూ ఆగి, కొట్టు వెనక గది వైపు వేలు చూపించాడు.

"ఆ గోడకున్న పాత ట్యూబు. అది ఇచ్చెయ్యి."

"అది అమ్మేది కాదు, పారేసేది."

"అదే కావాల."

ఇంటికొచ్చి దాన్ని పొయ్యి పైన కట్టాడు. అలవాటు చొప్పున రెండు కంచాలు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేశాడు. ఉన్న కంచంలో అన్నం పెట్టి, పులుసు పోసి, ఫోటో తీశాడు. ఇన్నాళ్ళకి మనసు కుదుటపడింది. బొబ్బిలికి పంపాడు.

ఆ చచ్చు నీలం వెలుగులో, చెడగొట్టి వండటానికి ఏనాడూ చెయ్యి రాక బాగానే కుదిరిన తన పులుసు నిన్నటి పాచికూరలా కనిపిస్తోంది, ఇక చిన్నమ్మి జాలిపడి వచ్చేస్తుంది.