మందుకు చావని తోటకూర

కలుపు మందు డబ్బా మూడోసారి ఖాళీ అయింది. ముళ్ళ తోటకూర మాత్రం చెక్కుచెదరలేదు. పైగా పత్తిని దాటేసి కొండలరావు భుజం దాకా ఎదిగింది.

నందిగామ పక్కన ఆయనకు ఆరెకరాలు. మూడేళ్ళ కిందట జన్యువు మార్చిన పత్తి విత్తనం తెచ్చాడు. మందు కొడితే కలుపు చస్తుంది, పత్తి బతుకుతుంది. ఇంకేం, కలుపు తీసే ముఠాను ఆ రోజే రావొద్దన్నాడు. మిగతా రైతులూ అదే దారి పట్టారు.

ముఠా మేస్త్రి బేబి. ఆమె వెనక పన్నెండు మంది ఆడవాళ్ళు. అందర్నీ ఆటో ఎక్కించి జగ్గయ్యపేట తీసుకెళ్ళింది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలోనూ అడిగింది. ఉన్న మగవాళ్ళకే పని లేదు పొమ్మన్నారు. పన్నెండు ఇళ్ళలో పొయ్యిలో పిల్లి లేవలేదు. ఎవరికి పట్టింది?

అయినా బేబి ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఆదివారం చర్చి అవగానే ఊరి గట్లన్నీ తిరిగొచ్చేది. ఎందుకమ్మా ఈ తిరుగుడు అంటే, అందరి చేలూ పచ్చగా ఉండాలని ప్రార్థన చేస్తున్నానండీ అనేది. ఆ మాటకు కొండలరావుకు సిగ్గేసింది కూడా.

మొదటి ఏడు మందుకు చావని మొక్క ఒక్కటే, గట్టు మూల. రెండో ఏడు గట్టు నిండా. ఈ ఏడు ఊరు ఊరంతా అదే.

సంగతి తెలిసి హైదరాబాద్ నుంచి ఉదయభాస్కర్ అనే శాస్త్రవేత్త దిగాడు. మొక్కను పెళ్ళికొడుకును చూసినట్టు చూశాడు. ఎత్తు కొలిచాడు. పక్కన నిలబడి ఫొటో దిగాడు. ఇంకా నయం, ఎరువెయ్యమనలేదు.

"చచ్చేవి చస్తాయండీ. ఎక్కడో ఒక మొండిది తట్టుకుంటుంది. తర్వాత దాని పిల్లలే మిగుల్తాయి. పరిణామం అంటే ఇదే," అన్నాడు. "కానీ ఊరంతా పాకాలంటే పదిహేనేళ్ళు పట్టాలి. మూడేళ్ళలో ఎలా పాకిందో అంతుపట్టడం లేదు. ప్రకృతికి దణ్ణం పెట్టాలి."

కొండలరావు ప్రకృతికి పెట్టలేదు. తలగుడ్డ తీసి చంకన పెట్టుకుని బేబి ఇంటికి నడిచాడు.

"రేపట్నుంచి రండమ్మా. ఇక ఏటా మీరే తియ్యాలి."

"అయ్యో, ఎంత కష్టమొచ్చిందండీ మీకు," అంది బేబి.

మర్నాడే ముఠా చేలో దిగింది. వారం తిరిగేసరికి ఒక్క కలుపు మొక్క లేదు. చేను అద్దంలా ఉంది. కొండలరావు కళ్ళు చెమర్చాయి. ఆఖరి రోజు సాయంత్రం బేబి ఆడవాళ్ళను ముందు పొమ్మని తను వెనక ఆగింది.

పీకిన మొక్కల్లో అన్నిటికంటే మొండిదాని గింజలు దులిపి కొంగున ముడేసుకుని, మూడేళ్ళుగా ప్రతి ఆదివారం చేస్తున్నట్టే, గట్టు పొడవునా చల్లుకుంటూ ఇంటికి నడిచింది.