మేక దూకిన కంచె

"పండగ కొవ్వొత్తి వెలిగించాక ఇంటి యజమాని గడప దాటతాడా? నీకు మతి గానీ పోయిందా?"

దేసంకా గరిటె పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె భర్త ఒబ్రాద్ మాత్రం కోటు గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు.

ఆ రోజు లూకా పండగ. ఇంటిని కాపాడే పునీతుడి పండగ, తండ్రి నుంచి కొడుకులకి వారసత్వంగా వస్తుంది. ఆ పూట ఎవరినీ పిలవరు, వచ్చినవాళ్ళని పొమ్మనరు. పొద్దు గూకేదాకా యజమాని నడుం వాల్చకుండా నిలబడి వడ్డించాలి. అలాంటి రోజున ఈ పెద్దమనిషి, తన తమ్ముడు తిహొమిర్ ఇంటికి ప్రయాణం కట్టాడు.

"తిహొమిర్‌కీ ఇదే పండగ కదే. వాడూ ఇవాళ ఇల్లు కదలడు. తలుపు వెయ్యకూడదు, పొమ్మనకూడదు. ఇవాళ తప్పితే మళ్ళీ దొరకడు."

"పొమ్మనకూడదని ఏడేళ్ళ కిందట నీకు తెలియలేదా?" అనేసి దేసంకా నాలుక కరుచుకుంది.

ఒబ్రాద్ తల దించుకున్నాడు. ఏడేళ్ళ కిందట ఇదే పండగనాడు, ఇదే గుమ్మంలోంచి, తాగిన మైకంలో తమ్ముడి మెడ పట్టి గెంటింది అతనే. ఊరంతా చూసింది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటల్లేవు, కంచె ఒక్కటే మిగిలింది.

"మొన్న ఫాదర్ నన్నో మాట అడిగాడే" అన్నాడు. "'తాగుడు మానేశావు, గుడికొస్తున్నావు, బాగుంది. నిన్ను చూసినవాడికి దేవుడు గుర్తొస్తున్నాడా?' అన్నాడు. నా మొహం చూస్తే తిహొమిర్‌కి ఏం గుర్తొస్తుంది? ఆ గెంటుడే కదా."

"ఇంకా ఎంత మారతావయ్యా! వాళ్ళ మేక కంచె దూకి, ఊరగాయకని పెంచిన క్యాబేజీ అంతా మేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు! పాత ఒబ్రాద్ అయితే ఆ మేకని కోసి కూర వండించేవాడు. నువ్వేమో పెళ్ళికూతుర్ని అత్తారింట దింపినట్టు తీసుకెళ్ళి, వాళ్ళ దొడ్లో వదిలి, గొళ్ళెం పెట్టి మరీ వచ్చావు."

"మేకకేం తెలుసే పాపం" అని రొట్టె చంకన పెట్టుకుని అతను బయటపడ్డాడు.

కంచె దాటితే తమ్ముడి ఇల్లు అయిదు నిమిషాలు. కానీ పండగపూట దొంగలా కంచె దూకి వెళ్ళడం బాగుండదని రోడ్డు పట్టాడు. గుడి చుట్టూ తిరిగి వెళ్ళాలి, అరగంట పడుతుంది. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు వల్లించుకున్నాడు. 'తమ్ముడూ, తప్పంతా నాదే' అనాలా? 'నన్ను క్షమించరా' అనాలా? రెండూ అనాలి అనుకున్నాడు.

వెళ్ళేసరికి తలుపుకి తాళం.

లూకా పండగనాడు తాళం! ఒబ్రాద్ కిటికీలోంచి తొంగి చూశాడు. బల్ల మీద కొవ్వొత్తి లేదు, రొట్టె లేదు, మనిషి అలికిడి లేదు. తను వస్తున్నట్టు ఎవరో చెప్పి ఉంటారు. తన మొహం చూడటం కన్నా పండగ మానుకోవడమే నయమనుకున్నాడన్నమాట తమ్ముడు.

కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. తలుపుని తన్నడానికి కాలెత్తాడు కూడా. ఎత్తిన కాలు అలాగే ఉంచి, కాసేపటికి దించేశాడు. వాడు తాళం వేసింది నాకు కాదు, ఆనాటి తాగుబోతుకి అనుకున్నాడు. తెచ్చిన రొట్టె గడప మీద పెట్టి, సిలువ గుర్తు వేసుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెనుదిరిగాడు.

ఇల్లు చేరేసరికి వరండాలో రెండు పెద్ద గోనెసంచులు కనిపించాయి. లోపల నవ్వులు, గ్లాసుల చప్పుడు. దేసంకా ఎదురొచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది.

"ఎక్కడికి పోయావయ్యా? యజమాని లేడని అతిథులు వేరే యజమానిని చూసుకున్నారు."

లోపల బల్ల మీద రెండు కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. వాటి పక్కన నిలబడి, చొక్కా చేతులు పైకి మడుచుకుని, అందరికీ వైన్ పోస్తున్నాడు తిహొమిర్. అతని భార్య జివానా పళ్ళాలు అందిస్తోంది.

"నువ్వు ఇవాళ ఇల్లు కదలవు కదా, ఇవాళైతేనే దొరుకుతావని కంచె దాటి వచ్చాం" అన్నాడు తిహొమిర్. "కొవ్వొత్తి ఆరకుండా లాంతర్లో పెట్టి తెచ్చాను."

ఒబ్రాద్‌కి వల్లించుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "తమ్ముడూ, నేను ఆ రోజు..." అని ఆగిపోయాడు.

"ముందు గోధుమల ప్రసాదం తిను. అతిథివి" అని తిహొమిర్ చెంచా అతని చేతిలో పెట్టాడు. ఆ చెంచా నోటిదాకా వెళ్ళలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి ఏడ్చేశారు. ఏడేళ్ళ బరువు దిగిపోయి ఒబ్రాద్‌కి ఒళ్ళంతా తేలికైంది.

కాస్త తేరుకున్నాక అడిగాడు. "బయట ఆ సంచులేమిట్రా?"

"క్యాబేజీ. నీ తోటలో మేసినదానికి బదులు."

"మేక చేసినదానికి నువ్వెందుకురా తేవడం?"

తిహొమిర్ మెడ గోక్కున్నాడు. "మొదటిసారి నువ్వు నోరెత్తకుండా మేకని దింపి వెళ్ళావు చూడు, ఆ రోజు జివానా అంది, 'మీ అన్నయ్యకి పోయేకాలమన్నా వచ్చి ఉండాలి, దేవుడన్నా లోపలికొచ్చి ఉండాలి' అని. నాకు నమ్మకం కుదరలేదు అన్నయ్యా. అందుకే రెండోసారి దాన్ని ఎత్తి కంచె ఇవతల దింపింది నేనే."